మొహమాటం కొనబడును

తన ఉద్యోగం తీసుకున్న యంత్రానికి ఫణీంద్ర శుభాకాంక్షలు చెప్పి మరీ ఇంటికి వచ్చాడు. మిగతావాళ్ళందరూ వరసలో నిలబడి చెబుతున్నారు, తనొక్కడూ చెప్పకపోతే ఏం బాగుంటుందని. యంత్రం జవాబివ్వలేదు. అప్పటికే పనిలో పడిపోయింది.

అతను కాకినాడలో ఒక బీమా కంపెనీలో, క్లెయిము రాదని జనానికి ఉత్తరాలు రాసే సీటులో ఇరవై ఏళ్ళు కూర్చున్నాడు. రాదు అనే మాట ఒక్కసారి కూడా వాడకుండా రాదని చెప్పడం అతని ప్రత్యేకత. ‘మీ విజ్ఞప్తి సానుభూతితో పరిశీలనలో ఉన్నది’ అని రాసేవాడు. కౌంటరు దగ్గరికొచ్చి అడిగినవాళ్ళకి మజ్జిగ తెప్పించి, రేపు ఒకసారి రమ్మనేవాడు. జనం చాలాకాలం ఆశపడి, చివరికి తమంతట తామే విసిగి, వెళ్ళేటప్పుడు అతనికి థాంక్స్ చెప్పి వెళ్ళేవారు. యంత్రం అదే పని ఒక్క ముక్కలో తేల్చేస్తోంది. ‘రాదు.’

ఇలా యంత్రాల వల్ల పని పోయినవాళ్ళకి ప్రభుత్వం విశ్రాంతి భృతి ఇస్తోంది. మొదట్లో దాన్ని నిరుద్యోగ భృతి అనేవారు. చదువుకున్నవాళ్ళు నొచ్చుకుంటున్నారని పేరు మార్చారు. నొచ్చుకోవడం తగ్గలేదు గానీ, దరఖాస్తులు పెరిగాయి. భృతి పాత జీతమంత కాదు, కానీ ఇల్లు గడిచిపోతుంది. పైగా పెట్రోలు ఖర్చు లేదు, ఆఫీసులో పుట్టినరోజుల చందాలు లేవు. లెక్క ప్రకారం చూస్తే ఫణీంద్ర జీవితంలో అంత సుఖమైన రోజులు ఎప్పుడూ లేవు.

కానీ వాళ్ళ అపార్ట్‌మెంటులో లిఫ్టు ఉంది. లిఫ్టులో మూడో అంతస్తు వెంకటరమణ గారు ఉంటారు. ఆయన ఎక్కిన ప్రతిసారీ, తలుపు మూసుకోగానే, “ఇప్పుడు ఎక్కడ చేస్తున్నారండీ” అని అడుగుతారు. ఎక్కడా చెయ్యట్లేదని ఆయనకి తెలుసు. తెలుసని ఫణీంద్రకీ తెలుసు. “చూస్తున్నామండీ” అని తనొక్కడి గురించే బహువచనంలో చెప్పేసి, చెవులు మండుతుండగా అంకెలు మారడం చూస్తూ నిలబడేవాడు. కొన్నాళ్ళకి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. డాక్టరు చెప్పాడన్నాడు. డాక్టరు మోకాళ్ళకి మెట్లు మానెయ్యమన్నాడు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యారేజీ పట్టుకుని, ఆఫీసు టైముకి ఇంట్లోంచి బయలుదేరి గాంధీనగర్ పార్కులో కూర్చునేవాడు. అక్కడ అన్ని బెంచీల మీదా ఇస్త్రీ చొక్కాలే. అందరూ ఎవరో వస్తారని ఎదురుచూస్తున్నట్టు చెప్పుకునేవారు. మధ్యాహ్నం కాగానే అన్ని క్యారేజీలూ తెరుచుకునేవి. నీడ ఉన్న బెంచీలు బ్యాంకువాళ్ళవి. అక్కడ కూడా సీనియారిటీ ఉంది.

వాన పడితే ఇంట్లో ఉండాల్సి వచ్చేది. అలాంటి ఒక రోజు అతను పోపుల పెట్టెలో దినుసులన్నీ అక్షరక్రమంలో సర్ది, బాగుందా అని భార్య హిమబిందుని అడిగాడు. “మీ ఇష్టం” అందామె. పెళ్ళయిన కొత్తలోనే అతను ఆ మాటకి ఉన్న అర్థాలు నేర్చుకున్నాడు. వద్దు అని ఒకటి. చేసి చూడండి, తర్వాత చెబుతాను అని ఒకటి. నన్నెందుకు అడుగుతున్నారు అని ఒకటి. అతని ఇష్టం అనే అర్థం మాత్రం ఇన్నేళ్ళలో ఎప్పుడూ తగల్లేదు.

ఆ రోజుల్లోనే సర్పవరం జంక్షన్ దగ్గర, మూతపడ్డ ఒక కళ్యాణ మండపం గేటుకి బోర్డు కనిపించింది. ‘మొహమాటం కొనబడును. పార్ట్ టైమ్. భోజనం కలదు.’

జీతం, వచ్చే భృతిలో సగం కంటే కాస్త ఎక్కువ. ఏ పని చేసినా భృతి ఆగిపోతుంది. ఒక నెల చేసి చూడొచ్చు, ఆ నెలలోపల మానేస్తే భృతికి మళ్ళీ పెట్టుకోవచ్చు. నెల దాటి ఉద్యోగంలో కుదురుకుంటే ఇక జన్మలో భృతి రాదు. అంటే, ఇంట్లో కూర్చుంటే వచ్చేదాంట్లో దాదాపు సగం పోగొట్టుకోడానికి రోజు విడిచి రోజు బస్సెక్కి వెళ్ళి రావాలి. చిన్నపిల్లాడిని అడిగినా వద్దనే అంటాడు. ఫణీంద్ర రెండు వారాలు ఆలోచించాడు. లిఫ్టులో చెప్పడానికి ఒక జవాబుంటుంది కదా అనుకున్నాడు. హిమబిందుని అడిగితే మీ ఇష్టం అని, కాస్త ఆగి, “భోజనం వాళ్ళే పెడతారంటగా” అంది. ఆమెకి వాన రోజుల్లో కూడా తను కొన్ని గంటలు ఇంట్లో లేకపోతే బాగుండునని ఉందని, ఆ మాట పైకి అనలేకపోతోందని అతనికి అర్థమైంది. తనకి అర్థమైందని పైకి చెప్పడం బాగుండదని, చేరిపోయాడు.

*

ఆ మండపంలో పరిశోధన నడిపేది డాక్టర్ మేఘన అనే ఆవిడ. ముప్పై దాటి ఉండవు. జ్వరం కొలిచే చెవికమ్మ ఒకటి తయారుచేస్తూ, అది చెవికుండగానే చుట్టాలింటికి భోజనానికి వెళ్ళిందట. మూడో బొబ్బట్టు వెయ్యబోతుంటే వద్దు వద్దు అంటూనే ఆకు జరపలేకపోయిన క్షణంలో, ఆసుపత్రిలో చేర్చాల్సినంత జ్వరం ఉన్నట్టు కమ్మ మోగింది. జ్వరం లేదు. చెవుల వెనక మాత్రం కాలిపోతోంది. అలా మొహమాటం ఎక్కడ పుడుతుందో దొరికింది. అక్కణ్ణించి తియ్యడం నేర్చుకోడానికి ఆవిడకి మరో ఆరేళ్ళు పట్టింది.

దాంతో పనేమిటంటే, యంత్రాలకి అది లేదు. కౌంటర్లలో యంత్రాలు రాదు, లేదు, కుదరదు అని మొహం మీద చెబుతుంటే జనం వాటిని పగలగొడుతున్నారు. ఒకచోట సాంబారు పోశారు. చెప్పే సంగతి అదే అయినా, చెప్పడానికి ఎంతో ఇబ్బంది పడుతున్నట్టు కనిపిస్తే జనం ఊరుకుంటారు. ఆ ఇబ్బంది నేర్పితే రావట్లేదు. పుట్టుకతో ఉన్నవాళ్ళ దగ్గరే తీసుకోవాలి. అందుకు మధ్యతరగతి వాళ్ళు శ్రేష్ఠమని తేలింది.

మండపం ఎందుకు తీసుకున్నారో మొదటిరోజే తెలిసింది. మొహమాటం ఇచ్చే దాతలని భోజనాల హాల్లో పంక్తిలో కూర్చోబెట్టి, ఆకులు వేసి, చెవులకి కమ్మలు తగిలించారు. కమ్మల తీగలు పెళ్ళి వేదిక మీదికి వెళ్ళాయి. వేదిక మీద పెళ్ళికొడుకు కుర్చీలో యంత్రం కూర్చుని ఉంది. వడ్డనకి ఆండాళ్ళు గారని ఒకావిడ, పెళ్ళిళ్ళ వంటల్లో చెయ్యి తిరిగిన మనిషి. ఆవిడకి ఇక్కడ జీతం వండినందుకు కాదు, బలవంతం చేసినందుకు.

“ఇంకో గారె వెయ్యమంటారా బాబూ” అందావిడ.

“వద్దండీ, చాలండీ” అన్నాడు ఫణీంద్ర, ఆకు మీద చెయ్యి అడ్డం పెడుతూ. చెయ్యి, గారె పట్టేంత సందు వదిలే పెట్టాడు. చెవులు వేడెక్కాయి. వేదిక మీద దీపం వెలిగింది. చెవుల వెనక చల్లగా ఏదో జారినట్టయింది.

“నా మీద ఒట్టే” అందావిడ. మళ్ళీ వేడి, మళ్ళీ చల్లన. పాయసం దాకా అలా సాగింది. చివరికి ఆండాళ్ళు గారు గారెల బుట్టతో తిరిగి వచ్చి అడిగితే, ఫణీంద్ర ఆవిడ మొహంలోకి చూసి, “మూడు వెయ్యండి. ఇందాకటివి మాడాయి, అవి కాకుండా” అన్నాడు. వేదిక మీద దీపం వెలగలేదు. డాక్టర్ మేఘన వచ్చి కమ్మలు తీసేసి, ఇవాళ్టికి అయిపోయిందండీ, ఇంటికెళ్ళచ్చు అంది. రెండు మూడు రోజుల్లో మళ్ళీ ఊరుతుందని కూడా చెప్పింది.

సాయంత్రం ఫణీంద్ర లిఫ్టెక్కాడు. వెంకటరమణ గారు ఎక్కారు. తలుపు మూసుకుంది. ఆయన అడగాల్సింది అడిగారు.

“నిన్నటిదాకా ఖాళీగా ఉన్నానండీ. ఇవాళ్టి నుంచి మొహమాటం అమ్ముకుంటున్నాను” అన్నాడు ఫణీంద్ర. “మూడేళ్ళ కిందట ఒక్క పూటకని పట్టుకెళ్ళారు మా డ్రిల్లింగ్ మిషను, ఎప్పుడిస్తారు?”

వెంకటరమణ గారు రెండో అంతస్తులోనే దిగిపోయారు. చీకటి పడేలోపల మిషను వచ్చింది, పెట్టెతో సహా. హిమబిందు దాన్ని తడిగుడ్డతో తుడిచి, అటకమీద దాని పాత చోట్లో పెట్టి, కాసేపు కిందినించి చూస్తూ నిలబడింది. ఆ రాత్రి అడక్కుండానే అతనికి అప్పడాలు వేయించింది.

తర్వాత అతను పనికి వెళ్ళే రోజుల్ని ఆమె జాగ్రత్తగా వాడుకోవడం నేర్చుకుంది. అతను ఇంటికి రాగానే కాఫీ ఇచ్చి, మొహమాటం మళ్ళీ ఊరే లోపల ఎవరో ఒకరి దగ్గరికి పంపేది. పిన్నిగారింట్లో ఉండిపోయిన స్టీలు గంగాళం వచ్చింది. రోజూ పాలలో నీళ్ళు కలుపుతున్న పాలాయన కలపడం మానేశాడు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు వచ్చి, మెయింటెనెన్సు కట్టని నాలుగో అంతస్తు వాళ్ళతో ఒక్కమాట చెప్పి పెట్టమని బతిమాలి, అతన్ని వెంట తీసుకెళ్ళి, తను మాత్రం మెట్ల మలుపులోనే ఆగిపోయారు. ఫణీంద్రకి జీవితంలో మొదటిసారి పలుకుబడి వచ్చింది. జీతం తగ్గింది గానీ ఇలాంటి ఉద్యోగం ఎవరికి దొరుకుతుందని హిమబిందు ఫోనులో వాళ్ళ అన్నయ్యతో అనడం అతను విన్నాడు.

*

హిమబిందు వాళ్ళ అమ్మ శేషారత్నం గారు మాగాయకి పేరుపడ్డ మనిషి. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పటినించి ఏటా వేసవిలో హిమబిందు అదే జాడీలో, అదే కొలతతో మాగాయ పెడుతోంది. చుట్టాలందరికీ సీసాల్లో పంపుతుంది. అందరూ అచ్చం మీ అమ్మ చేతి రుచే అంటారు. అన్నయ్య అయితే ఫోనులో ఆ మాట రెండేసి సార్లు అంటాడు.

ఒక బుధవారం ఫణీంద్ర పని నించి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. హిమబిందు వేడి అన్నంలో కొత్త మాగాయ వేసి, నూనె పోసి, “ఎలా కుదిరింది” అంది. వాళ్ళింట్లో అది ప్రశ్న కాదు. నూనె పొయ్యడం లాంటిదే, వడ్డనలో ఒక భాగం.

“కుదర్లేదు” అన్నాడు ఫణీంద్ర. “మీ అమ్మగారి మాగాయలా లేదు. ఏదో తక్కువైంది. ఎప్పుడూ తక్కువే.”

“ఎప్పుడూ అంటే?”

“మొదటి ఏడు నించీ.”

హిమబిందు చేతిలో గరిటె అలాగే ఉంది. మరి అన్నయ్య బాగుందంటాడుగా అంది. మీ అన్నయ్య మూత కూడా తియ్యడు, వాళ్ళ పనమ్మాయికి ఇచ్చేస్తాడు, నాకు చెప్పి నీకు చెప్పద్దన్నాడు అని అతను రైళ్ళ రాకపోకలు చెప్పినట్టు చెప్పి, చారు అడిగాడు.

ఆమె చారు పోసింది. జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి, స్టూలేసుకుని అటకెక్కించింది. డ్రిల్లింగ్ మిషను పక్కన చోటుంది.

ఆ తర్వాత ఆమె ఏ వంట గురించీ ఎలా ఉందని అడగలేదు. చీర కట్టుకుని వచ్చి ముందు నిలబడటం మానేసింది. పాలాయన దగ్గరికి కూడా తనే వెళ్ళింది. ఫణీంద్రకి ఇదంతా సదుపాయంగానే ఉంది. భోజనాలు త్వరగా అయిపోతున్నాయి. ఇంట్లో ఏదో తగ్గిందని అతనికి తెలుస్తూనే ఉంది. పక్కవీధిలో నీళ్ళు రావట్లేదంటే తెలిసినట్టు తెలుస్తోంది.

ఇంకో సంగతి కూడా గమనించాడు. మొదటి వారం ఆదివారం వచ్చేసరికి చెవులు వేడెక్కాయి, పిన్నిగారికి ఫోను చేసి గంగాళం విషయంలో క్షమాపణ చెప్పుకున్నాడు. మూడో వారం ఆదివారం ఏమీ కాలేదు. పిన్నిగారే ఫోను చేసి, గంగాళం మూత కూడా ఉంది, పంపించనా అని భయంగా అడిగారు. పంపించమన్నాడు.

మండపంలో గవర్రాజు గారని ఒక దాత ఉన్నారు. మాజీ కాలేజీ లెక్చరరు, అందరికంటే ముందు చేరినవారు. ఫణీంద్ర మొదట్లో ఆయన్ని పెళ్ళికూతురి గదిలోంచి తువ్వాలుతో రావడం చూసి, స్నానానికి వెళ్ళారనుకున్నాడు. ఆయన అక్కడే ఉంటున్నారు. ఊరడం ఆగిపోయి చాలాకాలమైందట. ఇంట్లో ఒక్కొక్కళ్ళకీ ఒక్కొక్క నిజం చెప్పేశాక భార్య చెల్లెలింటికి వెళ్ళిపోయింది, కొడుకు తాళం మార్చాడు. పంక్తిలో ఆయనకి కమ్మలు తగిలించడం ఎప్పుడో మానేశారు. వచ్చి, అడిగి నాలుగు గారెలు వేయించుకుని, తిని, వెళ్ళి పడుకుంటారు. ఇంటికెళ్ళాలని లేదా అని ఫణీంద్ర అడిగాడు. “ఉండాలని తెలుసు. ఉన్నట్టు అనిపించదు” అన్నారాయన, విస్తరి మడుస్తూ.

*

నెల ముగియబోయే శుక్రవారం, వడ్డన అయ్యాక, డాక్టర్ మేఘన ఫణీంద్రని కూర్చోబెట్టి, ఉద్యోగంలో కుదురుకుంటారా అని అడిగింది. సోమవారానికల్లా చెప్పాలి.

అతను అప్పుడే ఖాళీ అయి ఉన్నాడు కాబట్టి ఆలోచించే పని లేకపోయింది. భృతి ఎక్కువ, జీతం తక్కువ. లిఫ్టులో ఎవరేమడిగినా ఇబ్బంది లేదు. ఇబ్బంది లేనప్పుడు ఉద్యోగమెందుకు, మానేస్తాను అన్నాడు.

డాక్టరు ఆశ్చర్యపోలేదు. ఖాళీ అయినవాళ్ళందరూ ఇదే మాటంటారంది. ఇంత జీతానికి మొహమాటం ఉన్నవాళ్ళే వస్తారు, అది తీసేశాక ఉండరు, పరిశోధన అక్కడే ఆగుతోందంది. తర్వాత నేలకేసి చూస్తూ, రెండ్రోజులు ఆగి చెప్పండి అంది.

“ఎందుకు? ఊరాక అయితే మీకు కాదని చెప్పలేననా?”

“అవునండీ” అందావిడ. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

“ఊరుతుందా అసలు? గవర్రాజు గారికి ఊరలేదు. ఆ సంగతి చేర్చుకునేటప్పుడు మాకెందుకు చెప్పలేదు?”

ఆవిడ కమ్మల తీగ చుట్టడం మొదలుపెట్టింది. చెప్పాలనే అనుకున్నదట. ఆకుల ముందు కూర్చుని, నవ్వు మొహంతో ఉన్నవాళ్ళకి ఆ మాట ఎలా చెప్పాలో తోచలేదట. ఫణీంద్ర ప్రశ్న మాత్రం అలాగే నిలబడి ఉంది. ఆ నిశ్శబ్దాన్ని ఎవరో ఒకరు కప్పాలి కాబట్టి, పెళ్ళికొడుకు కుర్చీలోంచి యంత్రం, “కాస్త మజ్జిగ పుచ్చుకుంటారా?” అంది. దాని దీపాలన్నీ ఎర్రబడి ఉన్నాయి.

ఊరకపోవచ్చని ఫణీంద్రకి అప్పుడు రూఢి అయింది. ఈ రెండ్రోజులూ ఎలాగూ సెలవులే, భృతి ఆఫీసు తియ్యరు, ఆగితే నష్టం లేదని లెక్కవేసుకుని ఇంటికి వచ్చి, హిమబిందుకి అంతా వరసగా చెప్పాడు.

“ఊరకపోతే నాతో ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారా?” అని అడిగిందామె.

“అవును. నాకు ఇబ్బంది ఉండదు. నీకే ఉంటుంది.”

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా అక్కడే నిలబడింది.

శనివారమంతా ఆమె అతని చెవులు చూస్తూనే ఉంది. పేపరు చదువుతుంటే పక్కనించి, నిద్రపోతుంటే వెనకనించి. ఒకసారి జుట్టు సవరిస్తున్నట్టు చెయ్యి వేసి తాకి చూసింది. చల్లగా ఉంది. ఎందుకు తాకుతున్నావన్నాడు. దుమ్ముంది అంది. దుమ్ము లేదే అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె స్టూలేసుకుని అటకమీది జాడీ దింపింది. వాసెన విప్పి, వేడి అన్నంలో మాగాయ వేసి, నూనె పోసి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఎలా కుదిరింది?”

ఫణీంద్ర ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. మింగాడు. కుదర్లేదు అనే మాట నాలుక మీదికి వచ్చింది, అక్కడ ఆగింది. మంచినీళ్ళు తాగాడు. మళ్ళీ నోరు తెరిచాడు.

“అంటే... ఈ ఏడు ఎండలు సరిగ్గా లేవు కదా...”

“నేను ఎండల గురించి అడగలేదు.”

“కాదు, ముక్క బాగానే ఎండింది. అది కాదు. అసలు కాయ కూడా...” ఇంక మాట దొరకలేదు. బాగుందనడానికి వీల్లేదు, ఆమెకి తెలుసు. బాగాలేదనడానికీ నోరు రావట్లేదు. కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. చెవుల వెనక సన్నగా మొదలైన వేడి తమ్మెల దాకా పాకి, మెడమీదికి దిగింది.

హిమబిందు ఆ చెవుల్ని తృప్తిగా చూసింది. “చాలు. ఇంక చెప్పకండి” అంది.

నూనె గిన్నె పక్కకి జరిపి ఆమే అంది. “నాకు మొదటి ఏడే తెలిసిందండీ. అమ్మ అందులో ఏం వేసేదో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే, పోతానని అనుకుంటున్నావా అంటుందేమోనని. మీరందరూ బాగుందన్నారు. సరే, అంతమంది అంటున్నారు కదా, వచ్చే ఏటికి కుదురుతుందేమోనని పెడుతూ వచ్చాను.”

ఫణీంద్ర జాడీ దగ్గరికి లాక్కున్నాడు. ఇంకో ముక్క వేసుకున్నాడు. ఆమె వద్దనబోయి ఊరుకుంది.

*

సోమవారం పొద్దున్నే డాక్టర్ మేఘన ఫోను చేసింది. ఫణీంద్ర, అయ్యో, మీరింతలా అడుగుతుంటే అన్నాడు. చూద్దామండీ అన్నాడు. ఆ తర్వాతి మాట ఏమిటో హిమబిందుకి వినక్కర్లేకుండానే తెలిసింది. గరిటె పక్కన పెట్టి ఫోను అందుకుంది. ఆమె జన్మలో ఫోనులో ఎవరికీ కాదని చెప్పిన మనిషి కాదు. అలా చెప్పలేకే వాళ్ళింట్లో మంచినీళ్ళు శుద్ధిచేసే మిషన్లు మూడున్నాయి. “ఆయన రారండీ” అంది. అవతలావిడ చాలాసేపు మాట్లాడింది. పరిశోధన గురించి, జనానికి జరిగే మేలు గురించి, జీతం కాస్త పెంచే సంగతి గురించి. హిమబిందు చెవులు కందిపోయాయి. “రారండీ. మీరేం అనుకోకండి” అని పెట్టేసి, స్టూలు మీద కూలబడి, ఆవిడ ఏమనుకుందో ఏమిటో అంది.

ఇద్దరూ కలిసి భృతి ఆఫీసుకి వెళ్ళారు. అక్కడ కౌంటర్లో కొత్త యంత్రం కూర్చుని ఉంది. ఫణీంద్ర తన సంగతి చెప్పాడు. నెలలోపలే మానేశాను, భృతి తిరిగి ఇవ్వమన్నాడు. యంత్రం తటపటాయించింది. దాని దీపాలు ఎర్రబడ్డాయి.

“మీ విజ్ఞప్తి సానుభూతితో పరిశీలనలో ఉన్నది” అంది. “రేపు ఒకసారి రండి. కాస్త మజ్జిగ పుచ్చుకుంటారా?”

ఫణీంద్ర తన మాట తనే గుర్తుపట్టాడు. దానర్థం ఏమిటో అతనికంటే బాగా తెలిసినవాళ్ళు ఊళ్ళో లేరు. రాదు అని. థాంక్సండీ అని, వెనక్కి తిరిగాడు.

హిమబిందు తిరగలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ మొహమాటంతో కాపురం చేసిన మనిషి. దాని ఎదురుగా కుర్చీ లాక్కుని, “ఇవ్వండి, తాగుతాం. రేపటిదాకా ఎందుకు, ఇక్కడే కూర్చుంటాం, మాకేం పనిలేదు” అంది. క్యారేజీ తెరిచింది. యంత్రానికేసి చూసి, “మీ ముందు మేం తింటే ఏం బాగుంటుంది, మీరేమీ తినరా పాపం” అంది.

యంత్రం దీపాలు నుదుటి దాకా ఎర్రబడ్డాయి. వాళ్ళు పెరుగన్నంలోకి వచ్చేసరికి, క్షమించండి, మీ భృతి ఈ నెల నించే వస్తుంది, వెళ్ళేటప్పుడు జాగ్రత్తగా వెళ్ళండి అంది.

సాయంత్రం లిఫ్టులో వెంకటరమణ గారు ఎక్కారు. తలుపు మూసుకుంది. ఆయన ఫణీంద్ర మొహం కాసేపు పరీక్షగా చూసి, ధైర్యం తెచ్చుకుని, “ఇప్పుడు ఎక్కడ చేస్తున్నారండీ” అన్నారు.

ఫణీంద్ర అంకెలకేసి చూశాడు. “ఎక్కడా చెయ్యట్లేదండీ. ప్రభుత్వం ఇస్తోంది, ఇంట్లో ఉంటున్నాను” అన్నాడు. చెవులు కాలిపోతున్నాయి. హిమబిందు పక్కనే నిలబడి వాటినే చూస్తోంది.

వెంకటరమణ గారు కూడా అంకెలకేసి చూశారు. మూడో అంతస్తు వచ్చింది, ఆయన దిగి, తలుపు మూసుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, గోడకి చిన్న మేకు కొట్టాలి, మీ డ్రిల్లింగ్ మిషను ఒక్క పూట అన్నారు.

“దానికేముందండీ” అన్నాడు ఫణీంద్ర. “తొందరేం లేదు, ఉంచుకోండి.”

ఆయన మళ్ళీ లిఫ్టెక్కి వాళ్ళతో పైకి వచ్చారు. హిమబిందు అటకెక్కి మిషను తీసిచ్చింది. ఆయన రెండు మెట్లు దిగాక, బిట్ల పెట్టె మర్చిపోయారంటూ వెనకాలే వెళ్ళి అదీ ఇచ్చింది.